ప్రార్థన గ్రూపుకెక్కిన తాళాలు

"దేవుడికి కూడా నంబరు చెప్పాలా అత్తయ్యగారూ?"

మాట నోరు దాటాక గాని, అంటున్నది ఎవరినో స్టెల్లాకి తట్టలేదు. వంటింటి గుమ్మంలో సలోమి గారు, చెక్కు తీస్తున్న అల్లం ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఎదుటివాళ్ళ వాక్యంలో చిన్న తప్పు దొర్లినా దిద్దందే ఊరుకోరు. కోడలి వాక్యాన్ని మాత్రం దిద్దలేదు.

తన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది నువ్వే ఉంచుకోమ్మా" అన్నారు. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి రోట్లో అల్లం దంచుతున్న చప్పుడు వినిపించింది.

స్టెల్లా లాప్‌టాప్ ముందు కూలబడింది.  సరిగ్గా ఏడు నిమిషాల క్రితం దోహా నుంచి మోషే ఫోన్ చేశాడు. సలోమి గారి చెల్లెలి కొడుకు, అక్కడో కంపెనీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. ఎప్పుడు ఫోన్ చేసినా పాప ఎలా ఉంది, పులస తిన్నారా అంటూ అరగంట కబుర్లు చెప్పే అబ్బాయి, ఇవాళ రెండే మాటలు మాట్లాడాడు.

"వదినా, పెద్దమ్మ గ్రూపులో పెట్టిన ఫోటో చూసేవా? తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ తాళాలు మార్చేయ్."

చూసింది. చూసి వంటింటి గుమ్మం దాకా పరుగెత్తింది, ఆ మాట అనేసింది.

సంఘంలో ప్రార్థన విన్నపాల గ్రూపుకి ఓ పద్ధతి ఉంది. పరీక్షలొస్తే పిల్లల హాల్ టికెట్ నంబర్లు పెడతారు. గల్ఫుకెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు నంబరు పెడతారు. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి మంచం నంబరు. నంబరు లేకుండా విన్నపం పెడితే పాస్టరమ్మగారే ఆరా తీస్తారు, ఫలానా అని చెప్పి అడిగినట్టుండాలి కదమ్మా అని. స్టెల్లా భర్త బెంజమిన్ ఉద్యోగం పరీక్ష రాసినప్పుడు రెండొందల మంది అతని హాల్ టికెట్ నంబరు చదివి మోకరించారు. ఆ ఉద్యోగం వచ్చింది కూడా. కాబట్టి ఆ ఇంట్లో ఆ పద్ధతిని ఎవరూ తప్పు పట్టలేదు, ఇవాళ్టి దాకా.

సలోమి గారు ఈ ఉదయం తొమ్మిదింటికి పెట్టిన విన్నపం ఇది: "నా కోడలు స్టెల్లా చేపట్టిన పని ఇకమీదట ఏ ఆటంకమూ లేక సాగునట్లు ప్రార్థించగలరు. నంబర్లు జతపరచితిని."

జతపరిచింది ఓ కాగితం ఫోటో. స్టెల్లా రాత్రి ప్రింటు తీసి, బీరువాలో పెట్టడం మరిచిపోయి, భోజనాల బల్ల మీద వదిలేసిన కాగితం. దాని మీద నాలుగు వరుసలు. మామూలు కంటికి అర్థం లేని అక్షరాలు, అంకెలు. సలోమి గారి కంటికి అవి హాల్ టికెట్ నంబరుకి తోబుట్టువుల్లా కనబడ్డాయి.

నిజానికవి పదకొండు మంది వ్యాపారుల ఖాతాల తాళాలు.

కోనసీమలో ఈ చివర నుంచి ఆ చివర దాకా పదకొండు మంది తమ సరుకుని ఫోన్లలో, కంప్యూటర్లలో ప్రకటనలు వేసి అమ్ముకుంటున్నారు. ఒకరిది కొబ్బరినూనె, ఒకరివి కొబ్బరిపీచు పట్టాలు, ఒకరివి పూతరేకులు. ఏ ప్రకటన ఎంతమంది చూశారో, ఎంతమంది ఫోన్ చేశారో ఆ ఇంగ్లీషు పట్టికల్లో వాళ్ళకి బోధపడదు. స్టెల్లా రాసిన చిన్న ప్రోగ్రాం రోజూ పొద్దున ఆరింటికి అందరి ఖాతాల్లోకీ వెళ్ళి, ఆ లెక్కలు తెచ్చి, తెలుగులో నాలుగు ముక్కలుగా వాళ్ళ ఫోన్లకి పంపుతుంది. అలా వెళ్ళనివ్వడానికి ప్రకటనల కంపెనీ అనుమతి కావాలి. క్లౌడ్‌లో ఓ ప్రాజెక్టు తెరవాలి, అందులో తన ప్రోగ్రాం ఎవరిదో చెప్పుకోవాలి, రహస్యపు తాళాలు పుట్టించుకోవాలి, ఆ పైన కంపెనీవాళ్ళు దరఖాస్తు చదివి, తమ తలుపు తెరిచే సంకేతమైన డెవలపర్ టోకెన్‌కి ఆమోదం ఇవ్వాలి. ఆర్నెల్లు పట్టింది. రెండు వారాల క్రితం ఆమోదం వచ్చింది, ఆ మర్నాటి నుంచే ముక్కలు వెళ్తున్నాయి. అందుకే ఇవాళ సాయంత్రం నాలుగింటికి కృతజ్ఞత కూడిక.

ఆ నాలుగు వరుసలూ ఒక్కచోట దొరికినవాళ్ళు ఆ పదకొండు ఖాతాల్లోకీ వెళ్ళొచ్చు. చూడొచ్చు, మార్చొచ్చు, ఆపేయొచ్చు. ఈ పదకొండు మందీ నమ్మకం పోగొట్టుకుంటే స్టెల్లాకి ఇంకో పని లేదు. కాకినాడలో ఉద్యోగం పాప పుట్టినప్పుడే మానేసింది.

అత్తగారి ఫోన్లో ఆ ఫోటోని అందరికీ పోయేలా తీసేసింది. అప్పటికి ఎనభై ఆరుగురు చూశారు. పంతొమ్మిది మంది ఆమేన్ అన్నారు. పాస్టరమ్మగారు ఇంకో అడుగు ముందుకేసి రాజోలు ఉపవాస ప్రార్థన గ్రూపుకి కూడా పంపించారు, భారంతో ప్రార్థించమని రాసి.

తర్వాత స్టెల్లా క్లౌడ్ ప్రాజెక్టు తెరిచింది. కొత్త రహస్యం పుట్టించి పాతదాన్ని చెల్లకుండా చేసి, చెరిపేసింది. ఖాతాల్లోకి వెళ్ళడానికి ప్రోగ్రాంకి తనిచ్చిన పాత అనుమతిని రద్దు చేసి మళ్ళీ ఇచ్చింది. డెవలపర్ టోకెన్‌ని మార్చింది. ఈ పనులన్నీ ఆర్నెల్ల క్రితమైతే ఆమెకి చేతకావు. ఒక్కో తెర ముందూ పది రోజులు బుర్ర బాదుకుంది అప్పుడు. ఇవాళ వేళ్ళు వాటంతటవే నడిచాయి. పదిన్నర కాకుండానే ప్రోగ్రాం కొత్త తాళాలతో పదకొండు ఖాతాల లెక్కలూ తెచ్చి చూపించింది.

ఒక్కో ఖాతాలో మార్పుల చరిత్ర తెరిచి చూసింది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు.

అమ్మయ్య అనుకోబోయి ఆగింది. ఆ చరిత్రలో మార్చినవాళ్ళ జాడ ఉంటుంది గాని, ఊరికే చూసి వెళ్ళినవాళ్ళ జాడ ఉండదు. తొమ్మిది నుంచి పదిన్నర దాకా గంటన్నర. ఆ గంటన్నరకి తను ప్రమాణం చేయలేదు.

బెంజమిన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు సర్దడం ముగించి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. కలెక్టరాఫీసులో జూనియర్ అసిస్టెంటు. మూసిన ఫైలు మళ్ళీ తెరవడం అతనికి సుతరామూ గిట్టదు.

"మార్చేసేవు కదా?"

"మార్చేనండి."

"అంతా పనిచేస్తోంది కదా?"

"ఆయ్."

"అయితే అయిపోయినట్టే. సాయంత్రం వాళ్ళందరూ వస్తున్నారు. ఎవరికీ ఏమీ చెప్పకు."

స్టెల్లా తెర మూత సగం దించింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట భర్త నోట వినాలనే ఆమె కూర్చుంది. విన్నాక ఎందుకో హాయిగా లేదు.

ఎవరైనా చూసి ఉంటే, అని గొణిగింది. చూస్తే ఏం చేస్తారు, సంఘంలోవాళ్ళకి అదేమిటో అర్థమవుతుందా అన్నాడు అతను. మోషేకి అయిందిగా, మోషేలాంటివాళ్ళు గ్రూపులో ఎంతమందున్నారో మనకేం తెలుసు అంది ఆమె. గొంతులు లేచాయి. అతను అమ్మని ఎందుకు అంత మాట అన్నావన్నాడు. ఆమె మీరెప్పుడూ ఇంతే అంది. ఆర్నెల్ల నుంచి ఇల్లు పట్టించుకోవడం లేదని ఒకరు, ఆర్నెల్లలో ఒక్కనాడైనా ఏం చేస్తున్నావని అడిగారా అని ఒకరు. తాళాల గొడవ ఎటో పోయి, కాపురం గొడవ మొదలైంది.

రోట్లో దంచుడు ఆగిపోయింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

సలోమి గారు పమిట చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తన బైబిలు సంచిలోంచి ఓ కాగితం తీశారు. కోడలి ముందు పెట్టారు. అది తన దరఖాస్తు నకలేనని స్టెల్లా చూడగానే గుర్తుపట్టింది.

మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు కంపెనీవాళ్ళు తిప్పి పంపారు. ఈ ప్రోగ్రాం ఏం చేస్తుందో, ఎవరు వాడతారో స్పష్టంగా లేదన్నారు. స్టెల్లా ఇంగ్లీషుకి కంగారెక్కువ. నాలుగు పేజీలు రాసి, అందులో ఒక్క ముక్కా తనకే తెలియకుండా చేసుకుంది. ఆ రాత్రి ఇక మానేస్తానని ఏడిస్తే, సలోమి గారు పాపని నిద్రపుచ్చి వచ్చి పక్కన కూర్చున్నారు. నువ్వేం చేస్తున్నావో నాకు తెలుగులో చెప్పు, నేను ఒకటో తరగతి పిల్లననుకో అన్నారు. రెండు గంటలు విన్నారు. ఎర్ర ఇంకుతో ఆ నాలుగు పేజీలూ కొట్టేసి ఏడు వాక్యాలు రాశారు. ప్రోగ్రాం ఎవరిది, ఏం చదువుతుంది, దేన్ని ముట్టుకోదు, తాళాలు ఎక్కడ ఉంటాయి. ఏడంటే ఏడు. వారం తిరక్కుండా ఆమోదం వచ్చింది.

ఆ ఆమోదం తన గొప్పేనని ఆ ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోని మనిషి, ఆ కాగితం నకలు మాత్రం బైబిలు సంచిలో పెట్టుకు తిరుగుతున్నారన్నమాట.

"ఏడోది చదువు" అన్నారు సలోమి గారు.

స్టెల్లా చదివింది. ఈ తాళాలు ఇతరుల కంట పడినట్లు తెలిస్తే, ఆ రోజే ఖాతాదారులందరికీ తెలియజేస్తాము. ఇంగ్లీషులో పొందిగ్గా, కామా తప్పు పోకుండా ఉంది.

"వాక్యం నాది. కింద సంతకం నీది" అన్నారు సలోమి గారు. "ఫోటో పెట్టింది నేను కాబట్టి సాయంత్రం సాక్ష్యంలో నేనే చెప్తాను. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

"అమ్మా, వాళ్ళందరూ తెగతెంపులు చేసుకుంటే?" అన్నాడు బెంజమిన్.

"చేసుకుంటే చేసుకుంటారు నాన్నా. రాసి ఇచ్చేం."

స్టెల్లా లేచి నిలబడింది. పొద్దున అన్న మాటకి క్షమించమని అడగబోయింది. సలోమి గారు చెయ్యెత్తి ఆపారు. అదంతా తర్వాత, ముందు పులావు బియ్యం కడిగి నానబెట్టు, నాలుగింటికి జనం వచ్చేస్తారన్నారు.

నాలుగింటికి జనం వచ్చారు.

పదకొండు మందిలో ఆరుగురు వచ్చారు, పేరుపేరునా సలోమి గారు పిలిచినందుకు. అంబాజీపేట నుంచి మాణిక్యాలరావు గారు తెల్ల చొక్కాలో, వస్తూ వస్తూ తమ మిల్లు కొబ్బరినూనె డబ్బా పట్టుకొచ్చారు. కొత్తపేట దగ్గర పాతికమంది ఆడవాళ్ళతో పీచు పట్టాలు నేయించే సత్యదుర్గ, ఆటో దిగుతూనే స్టెల్లా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు పంపే ముక్కలు పొద్దున్నే మా ఆడవాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నానమ్మా అంది. ఆ చేతుల్లోంచి తన చేతులు తీసుకోవడానికి స్టెల్లాకి సిగ్గేసింది.

పాటలయ్యాయి. పాస్టరుగారు వాక్యం చెప్పారు. పాస్టరమ్మగారు నంబర్లతో సహా ప్రార్థించామని, దేవుడు విన్నాడని సంతోషంగా చెప్పారు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా స్టెల్లాకి రాలేదు. రాజోల్లో ముక్కూ మొహం తెలియని నలభై మంది తన కోసం పస్తున్నారంటే, ఆ నలభై మందికీ రుణపడ్డట్టే అనిపించింది.

సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉంటే లేవమన్నారు. సలోమి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కుర్చీ చేతిమీద ఆని లేవబోయారు.

ఆవిడ మోకాలు కూడదీసుకునేలోగా స్టెల్లా లేచి నిలబడింది. పెళ్ళై ఆరేళ్ళలో ఆ పిల్ల నలుగురిలో గొంతు విప్పింది లేదు. బెంజమిన్ నోరు తెరుచుకుని చూశాడు.

"నేను చెప్పాల్సింది రెండు ముక్కలండి" అంది. "ఒకటి పొరపాటు. మీ ఖాతాల్లోకి నేను వచ్చే తాళాల కాగితాన్ని బీరువాలో పెట్టకుండా బల్ల మీద వదిలేసేను. దాని ఫోటో పొద్దున్న తొమ్మిదింటికి గ్రూపులోకి వెళ్ళింది. పదిన్నరకల్లా అన్నీ మార్చేను. ఎవరూ ఏమీ మార్చలేదు. చూసేరో లేదో మాత్రం నేను చెప్పలేనండి."

ఫోటో పెట్టింది ఎవరో ఆమె చెప్పలేదు. సలోమి గారు పెట్టింది నేనే అని అందుకున్నారు. పాస్టరమ్మగారు, రాజోలు గ్రూపుకి పంపింది నేనే అని పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"రెండోది" అంది స్టెల్లా. అత్తగారి వైపు తిరిగింది. "ఈ పని నాకు వచ్చిందంటే మా అత్తయ్యగారి వల్ల వచ్చింది. ఆర్నెల్లు నా పాపకి అన్నం పెట్టేరు. నాకు రాని ఇంగ్లీషు ఆవిడ రాసేరు. ఇవాళ నేను ఈ సంగతి దాచేద్దామనుకుంటే, దాచొద్దన్నారు. పొద్దున ఆవిణ్ణి నేను అనకూడని మాట అన్నాను. అందరి ముందూ ఆవిడకి నేను కృతజ్ఞత చెప్పుకుంటున్నాను."

కూర్చుంది. హాల్లో ఎవరూ ఆమేన్ అనలేదు. ఇలాంటి సాక్ష్యానికి అనాలో లేదో ఎవరికీ తెలియలేదు. సలోమి గారు పక్క కుర్చీలోంచి చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని వదల్లేదు.

మాణిక్యాలరావు గారు లేచారు. స్టెల్లా వంక కాదు, సలోమి గారి వంక చూశారు. వాళ్ళ పెద్దమ్మాయికి పదో తరగతిలో ఇంగ్లీషు చెప్పింది ఆవిడే.

"టీచరుగారూ, ఈ తాళాల సంగతి నాకు తెలీదండి. మీ మాట మీద నా ఖాతా మీ కోడలికి తెరిచిచ్చేను. ఇప్పుడూ మీ మాటే అడుగుతున్నాను. నా చోట మీరుంటే ఏం చేస్తారు?"

హాలంతా సలోమి గారి మొహంలోకి చూసింది. బెంజమిన్ కళ్ళతోనే తల్లిని బతిమాలాడు. ఏం ఫరవాలేదండీ అంటే సరిపోతుంది. ఆ మాట అనడానికి ఆవిడకి హక్కుంది, చనువుంది, పదిన్నరకే తాళాలు మార్చారన్న నిజమూ ఉంది. స్టెల్లా మణికట్టు మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆవిడ రెండో చేత్తో కళ్ళజోడు సవరించుకున్నారు.

"నేనైతే ఇవాళ్టికి ఆ అనుమతి తీసేస్తానండి" అన్నారు చివరికి. "ఓ వారం నా ఖాతా నేను చూసుకుంటాను. అంతా సరిగ్గా ఉందనుకున్నాకే మళ్ళీ రానిస్తాను."

"అమ్మా" అన్నాడు బెంజమిన్. ఆవిడ అటు తిరగలేదు.

మాణిక్యాలరావు గారు తల ఊపారు. నడుచుకుంటూ వచ్చి, తన ఫోను స్టెల్లా చేతిలో పెట్టారు. కోపం లేదు ఆ మొహంలో. ఎలా తీయాలో నాకు చూపించమ్మా, నేనే తీస్తాను అన్నారు. స్టెల్లా చూపించింది. ఇక్కడ, ఇక్కడ, ఆ పైన ఇక్కడ. బల్ల మీదున్న లాప్‌టాప్‌లో ఆమె జాబితా పదకొండు నుంచి పదికి దిగింది. మాణిక్యాలరావు గారు ఫోను తీసుకుని, దండం పెట్టి, అరుగు మీద పులావు పళ్ళాల వరుసలో కూర్చున్నారు. వెళ్ళిపోలేదు.

స్టెల్లా ఆ పది అంకెని మరోసారి చూసింది. అయినా అత్తగారి మీద కోపం ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఒక్క మాట ఆవిడ అబద్ధంగా చెప్పి ఉంటే, రేపట్నుంచి ఆ ఏడు వాక్యాలూ తనకి చదువబుద్ధి అయ్యేవి కావు. ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది, భయంతో పాటే తెలిసిపోయింది.

తలెత్తేసరికి ఎదురుగా ఇంకో ఇద్దరు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక సత్యదుర్గ.

ఇద్దరికీ చూపించింది. పది తొమ్మిదైంది, తొమ్మిది ఎనిమిదైంది. సత్యదుర్గ వంతు వచ్చింది. ఆవిడ ఫోను అద్దం అడ్డంగా పగిలి ఉంది. బొటనవేలు ఆడించలేక ఆడించింది.

"ఇది నొక్కితే రేపు పొద్దున్న నీ ముక్కలు రావు కదమ్మా?"

"రావండి."

"మా ఆడవాళ్ళు అడుగుతారు" అంది సత్యదుర్గ. "వారం పోయాక మళ్ళీ నువ్వు వస్తావా?"

"నాకు నేను రాలేనండి. రానిస్తారా అని అడుగుతాను. సరేననడం మీ చేతిలో ఉంటుంది."

సత్యదుర్గ సలోమి గారి వంక చూసింది. ఆవిడ కళ్ళు దించుకోలేదు, చిన్నగా తల ఊపారు.

సత్యదుర్గ నొక్కింది.